నోటీసు పంపిన కౌన్సిల్

అప్పు కట్టనివాళ్లకో, పన్ను బకాయి పడ్డవాళ్లకో తాసిల్దారు ఆఫీసు నుంచి వచ్చే నోటీసు ఎప్పుడైనా చూశారా? "ఆర్ఆర్ యాక్టు కింద" అని ఉంటుంది. అంటే రెవెన్యూ రికవరీ యాక్టు. మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఈ మాట తెలియని రైతు ఉండడు. కానీ ఆ చట్టం పక్కన ఉండే సంవత్సరం ఎంతమంది గమనించారో నాకు అనుమానమే. 1864! మనం పదేళ్ల పాత కోడ్ చూస్తేనే "ఎవడ్రా రాసింది ఇది" అని తల పట్టుకుంటాం కదా, ఇది నూటయాభై ఏళ్లు దాటిన సరుకు. ముందు "మద్రాసు" అని ఉన్న చోట "ఆంధ్రప్రదేశ్" అని మార్చి వాడుకుంటున్నాం.

మరి రాసిందెవరు? అప్పట్లో ఆదోని బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. ఎమ్మిగనూరు ఆ ఆదోని కిందే. పైన మద్రాసు గవర్నరు. 1861 ఇండియన్ కౌన్సిల్స్ చట్టం వచ్చాక గవర్నరు కార్యవర్గానికి మరి కొంతమందిని కలిపి శాసనాలు చేసే కౌన్సిల్ ఒకటి ఏర్పాటు చేశారు. కలిపింది ఎంతమందిననుకుంటున్నారు? అడ్వకేట్ జనరల్ కాక నలుగురికి తక్కువ కాకుండా, ఎనిమిదికి మించకుండా. అందులో సగం మందైనా ప్రభుత్వోద్యోగులు కానివాళ్లు ఉండాలి, వాళ్లు భారతీయులే కావాలనేమీ లేదు. అందరినీ గవర్నరే నామినేట్ చేస్తాడు, రెండేళ్లకి. ఎన్నిక అనే మాటే లేదు. ప్రెసిడెన్సీ ఏమో గంజాం నుంచి తిన్నెవెల్లి దాకా!

ఇంకో తమాషా ఏంటంటే, ఆ సభ్యులు తమ ముందుకొచ్చిన బిల్లు గురించి తప్ప ఇంకేదీ మాట్లాడకూడదు. ప్రశ్న వేయకూడదు. బడ్జెట్ ఊసెత్తకూడదు. లాగిన్ ఇచ్చారు, పర్మిషన్లు ఇవ్వలేదు :)

అందులో మొదటి భారతీయుడు వి. సదగోపాచార్లు, వకీలు, 1862లో. ఆయన తర్వాత వచ్చినవాడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. మన పాఠ్యపుస్తకాల్లో ఈయనకి ఒక్క లైన్ కూడా దక్కకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మద్రాసులో తెలుగు వర్తకుల ఇంట పుట్టినవాడు. 1844లో క్రెసెంట్ పత్రిక, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ పెట్టాడు. శిస్తు వసూలు కోసం రైతుల్ని హింసిస్తున్నారని పట్టుబట్టి, ఇంగ్లండు నుంచి వచ్చిన డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుణ్ణి 1853లో పల్లెల్లోకి తీసుకెళ్లి చూపించాడు. గోల పార్లమెంటు దాకా వెళ్లి 1854లో విచారణ సంఘం వేయాల్సి వచ్చింది. మరుసటేడు వచ్చిన దాని నివేదిక చదివితే అన్నం సహించదు. రెండు కర్రల మధ్య వేళ్లు పెట్టి నొక్కడం, మనిషి తలని కాళ్ల దగ్గరికి వంచి కట్టేసి ఎండలో నిలబెట్టడం... శిస్తు బకాయికి శిక్షలివి.

ఇప్పుడు 1864 చట్టాన్ని దీని పక్కన పెట్టి చూడండి. బకాయి వసూలుకి నోటీసు, జప్తు, వేలం, కావాలని ఎగ్గొడితే జైలు, అన్నీ కాగితం మీదికి వచ్చాయి. కొట్టి వసూలు చేసే చోట వేలం వేసి వసూలు చేయడం. ఇది మెరుగు కాదనలేను. కానీ శిస్తు ఎంతుండాలో తేల్చే పని మాత్రం ఆ కౌన్సిల్‌ది కాదు, అది ప్రభుత్వం దగ్గరే ఉండిపోయింది. నాకు అసలు తేడా అక్కడే కనిపిస్తుంది.

ఆ మరుసటి ఏడే 1865లో పట్టణాల అభివృద్ధి చట్టం పాస్ చేశారు. ఆదోని మునిసిపాలిటీ పుట్టింది ఆ సంవత్సరమే. పేరులో అభివృద్ధి ఉంది గానీ కౌన్సిలర్లు మాత్రం నామినేటెడ్డే.

ఇక 1876. ధాత నామ సంవత్సరం. మా వైపు ముసలివాళ్లు "ధాత కరువు" అంటూ చెప్పేవాళ్లు, వాళ్లూ వాళ్ల పెద్దల దగ్గర విన్నదే. వానలు లేవు. బళ్లారి జిల్లా బాగా దెబ్బతిన్న వాటిలో ఒకటి. రైలు లేక కాదు సుమా! మద్రాసు-రాయచూరు లైను 1871కే పూర్తయింది, ఆదోని దాని మీదే ఉంది. రైల్లో ధాన్యం వచ్చేది, కొనడానికి చేతిలో డబ్బు ఉండేది కాదు. మగ్గం మీద బతికేవాడి పరిస్థితి రైతు కంటే ఘోరం. తిండికే లేనప్పుడు చీరెవడు కొంటాడు?

1877 జనవరి ఒకటిన విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు. మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ కూడా అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. ఖర్చు తగ్గించమని పంపిన రిచర్డ్ టెంపుల్ అదే నెలలో కరువు పనుల కూలీని కుదించాడు: మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కొద్దిగా డబ్బు. రోజంతా రాళ్లు కొట్టేవాడికి! ఇది చాలదు, మనుషులు చచ్చిపోతారని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. ఆయన ప్రభుత్వోద్యోగి. పత్రికల్లో విలియం డిగ్బీ రాశాడు. కొన్ని నెలల తర్వాత కూలీ పెంచారు. ఈలోగా పోయినవాళ్లు పోయారు. ప్రెసిడెన్సీ మొత్తం మీద కరువు చావులు ముప్ఫై లక్షలు దాటాయని అంచనా.

మరి కౌన్సిల్ ఏం చేసింది? అడగడానికి హక్కే లేదు కదా. కూలీ ఎందుకు తగ్గించారు అన్న ఒక్క ప్రశ్న వేయడానికి కూడా ఆ సభలో వీలు లేదు. కాబట్టి ఆ కాలపు సభ్యుల్ని, గోడే నారాయణ గజపతిరావు లాంటి జమీందార్లని, తిట్టిపోయడం నాకు ఇష్టం లేదు. ఇంకో సంగతి, గవర్నరు కంటికి ఆనేది జమీందారో, మద్రాసు వకీలో, వర్తకుడో. మాది రైత్వారీ సీమ, మన్రో నాటి నుంచీ రైతు నేరుగా సర్కారుకి శిస్తు కట్టేవాడు. పిలవడానికి రాజా ఎవరున్నారు?

1892 చట్టంతో గానీ ప్రశ్న అడిగే హక్కు రాలేదు. కరువు పోయిన పద్నాలుగేళ్లకి అన్నమాట. బడ్జెట్ మీద మాట్లాడొచ్చు, ఓటు వేయకూడదు. ప్రశ్న అడగొచ్చు, జవాబు మీద అనుబంధ ప్రశ్న అడగకూడదు. మునిసిపాలిటీలు, జిల్లా బోర్డులు గుంపులుగా కలిసి ఒక పేరు "సిఫారసు" చేస్తే గవర్నరు నామినేట్ చేస్తాడు. చట్టంలో ఎన్నిక అన్న మాట వాడకుండా ఎంత జాగ్రత్త పడ్డారో! అలా 1893లో వచ్చినవాళ్లలో రాజమండ్రి న్యాపతి సుబ్బారావు పంతులు ఒకరు, ది హిందూ మొదలుపెట్టిన ఆరుగురిలో ఒకడు.

ఆ కొత్త హక్కుల కౌన్సిల్ చేసిన చట్టాల్లో ఒకటి 1895 నాటి వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం. రెడ్డి, కరణం పదవులు తండ్రి నుంచి కొడుక్కి ఎలా పోవాలో రాసిపెట్టింది. మన ఊళ్లలో కరణాల పెత్తనం గురించి కథలు కథలుగా చెప్పుకుంటామే, దాని వెనక కాగితం ఇది. ఎన్టీఆర్ 1984 జనవరిలో ఆ ఉద్యోగాలు రద్దు చేసేదాకా ఆ వ్యవస్థ నడిచింది.

మా సీమ గొంతు ఆ సభలోకి వెళ్లడం మాత్రం ఆలస్యమైంది. గుత్తి వకీలు పట్టు కేశవ పిళ్లై 1885లో బొంబాయిలో మొదటి కాంగ్రెస్ సభకి వెళ్లినవాళ్లలో ఒకడు. ఆయన కౌన్సిల్లో అడుగుపెట్టింది మింటో-మార్లే సంస్కరణల తర్వాత. 1920 ఎన్నికలతో ఏర్పడిన కౌన్సిల్‌కి డిప్యూటీ ప్రెసిడెంట్ కూడా అయ్యాడు. అప్పటికి ధాత కరువు చూసినవాళ్లు ఊళ్లలో కొద్దిమందే మిగిలుంటారు.