రాళ్ళు మూడు ఊళ్ళలో... పిల్లలకి చూపించేదెలా?

ఈమధ్య ఎవర్ని కదిపినా పిల్లలకి మన చరిత్ర నేర్పడానికి ఓ యాప్ చేద్దామంటున్నారు. చెయ్యండి, మంచిదే. సాఫ్ట్‌వేర్ కూడు తింటున్నవాణ్ణి, నేను కాదంటానా? కానీ ఓ గోపురాన్ని తెర మీద గిర్రున తిప్పి, కింద నాలుగు క్విజ్ ప్రశ్నలు పడేసి దాన్నే "ఇంటరాక్టివ్" అంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. మామూలుగా వెళ్ళి చూస్తే దొరకనిది తెర మీద ఏం దొరుకుతుంది? ముందు అది తేల్చుకోవాలి కదా!

అమరావతి స్తూపాన్నే తీసుకోండి. పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్తే అక్కడ కనపడేది ఓ మట్టిదిబ్బ, చుట్టూ కొన్ని రాళ్ళు. "ఇదేనా?" అంటారు. వాళ్ళ తప్పేం లేదు. ఒకప్పుడు దాదాపు 50 మీటర్ల వెడల్పున్న కట్టడం అది. నాలుగు దిక్కులా అయిదేసి ఆయక స్తంభాలు, చుట్టూ చెక్కడాలతో నిండిన ప్రాకారం. అదంతా ఏమైపోయింది?

18వ శతాబ్దం చివర్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు దిబ్బలోంచి ఇటుకలూ రాళ్ళూ తవ్వుకుపోయారు. అది పల్నాటి సున్నపురాయి కాబట్టి కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు కూడా. ఆ రోజుల్లోనే అక్కడికి వచ్చిన కాలిన్ మెకంజీ, 1816లో మళ్ళీ వచ్చి తన చిత్రకారులతో దొరికిన శిల్పాలకి బొమ్మలు గీయించాడు. మా భాషలో చెప్పాలంటే బ్యాకప్ అన్నమాట. అందులో కొన్ని రాళ్ళు ఆ తర్వాత మాయమయ్యాయి, వాటికిప్పుడు ఆ బొమ్మలే దిక్కు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపినవాటిలో చాలావాటిని 1859లో లండనుకి ఓడెక్కించారు. ఇక 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ "మొత్తం శుభ్రం చెయ్యండి" అని హుకుం వేశాడు. మరుసటేడు జేమ్స్ బర్జెస్ వచ్చి చూసేసరికి మధ్యలో మిగిలింది పెద్ద గొయ్యి!

అంటే ఒకే కట్టడం ముక్కలు ముఖ్యంగా మూడు ఊళ్ళలో ఉన్నాయి: అమరావతిలో కొన్ని, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో కొన్ని, బ్రిటిష్ మ్యూజియంలో 120 పైచిలుకు. గుంటూరు జిల్లా బడిపిల్లాడు ఈ మూడూ తిరిగి చూడగలడా? ఇదిగో, తెరకి అసలు పని ఇక్కడుంది.

అయితే ఒక్క షరతు. తళతళలాడే త్రీడీ స్తూపాన్ని ఒక్కటి నిలబెట్టి "ఇలాగే ఉండేది" అనెయ్యకూడదు. పైభాగం ఎలా ఉండేదో మనకి తెలిసింది ప్రధానంగా ఆ పలకల మీదే చెక్కిన స్తూపాల బొమ్మల్నిబట్టి. అవి కూడా అన్నీ ఒక్కలా ఉండవు. కాబట్టి దొరికిన రాయి ఒక రంగులో, మెకంజీ బొమ్మలో మాత్రమే మిగిలింది ఇంకో రంగులో, మన ఊహ మూడో రంగులో చూపించాలి. పిల్లాడు ఊహ మీద నొక్కితే అది మాయమైపోవాలి. ప్రోగ్రామింగ్ పరంగా ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. ఓపికగా కూర్చుని ఏ రాయి ఎక్కడిదో రాసుకోవడమే కష్టం. (ఆ పనికి ఎవరూ డబ్బులివ్వరు, యానిమేషనుకైతే ఇస్తారు!)

లండన్లో ఓ పలక ఉంది. ఒకవైపు క్రీస్తుపూర్వం 1వ శతాబ్దం నాటి చెక్కడం, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం. బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో అదే రాయిని వెనక్కి తిప్పి రెండోవైపు స్తూపాన్ని చెక్కారు. పుస్తకంలో ఇది రెండు వేరు వేరు ఫొటోలు. తెర మీద పిల్లాడు తన వేలితోనే ఆ రాయిని తిప్పొచ్చు. మూడొందల ఏళ్ళ పైచిలుకు తేడా ఒక్క వేలి కదలికలో! ఎందుకు తిప్పారు, ముందు బుద్ధుణ్ణి ఎందుకు చెక్కలేదు... ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు.

అన్నట్టు, శాసనాలు కూడా వదలొద్దు. స్తూపం అనగానే రాజుల పేర్లే చెప్తాం గానీ, డబ్బిచ్చినవాళ్ళలో మామూలు జనం బోలెడుమంది. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకని దానమిచ్చాడు. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తీసుకున్న రాజముద్ర నడుమ ఉన్నది ఆ పూర్ణఘటమే. పిల్లలు రోజూ పాఠ్యపుస్తకం అట్ట మీదో, సర్టిఫికెట్ మీదో చూసే బొమ్మ. ఆ ముద్ర మీద కెమెరా పెడితే విధికుడి శాసనం, దాని పక్కనే తెలుగు లిపిలో చదువుకునేట్టు ఆ ప్రాకృత మాటలు రావాలి. నన్నడిగితే, మొదలంటూ పెడితే స్తూపం మోడలుతో కాదు, దీంతోనే పెడతాను.