దొంగల ముఠా నవల పుట్టుపూర్వోత్తరాలు

1839లో లండన్‌లో ఒక నవల అచ్చయింది. పేరు ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’. రాసినవాడు ఫిలిప్ మెడోస్ టేలర్. నిజాం కొలువులో పనిచేసిన అధికారి, హైదరాబాదు రాజ్యంలో బాటసారులను చంపి దోచుకునే థగ్గుల విచారణలు దగ్గరుండి చూసినవాడు. విక్టోరియా రాణి పుస్తకం పూర్తయ్యేదాకా ఆగలేక, ప్రూఫులు తెప్పించుకుని మరీ చదివిందని చెబుతారు. పాతకాలపు నగరం, పగబట్టిన ముఠాలు, వాటిని నడిపించే ఏదో దైవశక్తి కలిపి అల్లే చారిత్రక కల్పనా నవలలు ఇవాళ ఎన్నో వస్తున్నాయి. భారతదేశం నేపథ్యంగా వచ్చిన వాటికి తల్లి ఈ పుస్తకమేనని నేననుకుంటాను. దాన్ని అండమాన్ దీవుల్లోని మా మాయాబందర్‌లో కూర్చుని చదివాక నాలో మెచ్చుకోలు ఎంత కలిగిందో, కోపమూ అంతే కలిగింది.

ముందు మెచ్చుకోలు సంగతి. కథంతా అమీర్ అలీ అనే హంతకుడు తన నోటితో తానే చెబుతాడు. ఎదురుగా కూర్చుని వినేది ఒక దొర. తెలుగు పాఠకుడికి ఈ కథ పరాయిది కాదు. థగ్గులు హైదరాబాదు వస్తారు, చార్మినార్ కనిపిస్తుంది, పీర్ల పండుగ జనం కనిపిస్తారు. తర్వాత అమీర్ అలీ పిండారీ నాయకుడు చీతూ దండులో చేరి గుంటూరు మీదికి దోపిడీకి వస్తాడు. నవలకు ప్రాణం పోసింది ఈ ఘట్టమే. ఇక్కడ రెండు రకాల ముఠాలు ఒకదానికొకటి ఎదురుపడతాయి. థగ్గులు బాటసారులతో స్నేహం చేసి, కలిసి నడిచి, రుమాలు బిగించి సద్దు లేకుండా ప్రాణం తీస్తారు. పిండారీలు గుర్రాల మీద విరుచుకుపడి ఊళ్లు తగలబెడతారు, సొమ్ము ఎక్కడ దాచారో చెప్పమని మనుషులను హింసిస్తారు. గఫూర్ ఖాన్ అనే పిండారీ చేసే అఘాయిత్యాలు చూసి అమీర్ అలీకి ఒళ్లు మండిపోతుంది. చివరికి వాణ్ణి తన పద్ధతిలోనే మట్టుపెడతాడు. వందల హత్యలు చేసినవాడు మరొకడి క్రూరత్వానికి తీర్పు చెప్పడం, ఆ తీర్పుకు మనం తలాడించడం, ఆ వెంటనే ఉలిక్కిపడడం! టేలర్ గొప్ప పనివాడు.

గుంటూరు దోపిడీ కట్టుకథ కాదు. 1816 మార్చిలో పిండారీలు నిజంగానే కృష్ణ దాటి వచ్చారు. పన్నెండు రోజులైనా నిలవకుండా 339 ఊళ్లు దోచుకుపోయారు. 182 మంది చనిపోయారనీ, 505 మంది తీవ్రంగా గాయపడ్డారనీ, 3,603 మంది చిత్రహింసలకు గురయ్యారనీ ఈస్టిండియా కంపెనీవారు లెక్క రాసుకున్నారు. మరుసటి ఏడాది మొదలైన యుద్ధంలో పిండారీల కథ ముగిసింది. తరుముతున్న సైన్యానికి దొరక్కుండా అడవిలో తిరుగుతున్న చీతూ 1819లో పులి వాతపడ్డాడు. నవలలో రాస్తే నమ్మడం కష్టం గానీ, ఇది చరిత్రే.

ఇక కల్పన ఎక్కడుందంటే, మనం అనుమానించని చోట ఉంది. థగ్గులందరూ ఒకే మతంగా, తాతల నుంచి మనవలకు దిగివచ్చే వంశవృత్తిగా, భవానీ ఆనతి మీద శకునాలు చూసుకుని హత్యలు చేసే ఒక రహస్య జాతిగా దేశమంతా అల్లుకున్నారని నవల చెబుతుంది. టేలర్‌కు ఈ చిత్రం కంపెనీ అధికారి విలియం స్లీమన్ నడిపిన విచారణల నుంచే వచ్చింది. స్లీమన్ పట్టుబడ్డవాళ్లను అప్రూవర్లుగా మార్చి, వాళ్ల చేత వంశవృక్షాలు చెప్పించాడు, వాళ్ల రహస్య భాషకు నిఘంటువు కట్టాడు. అధికారి వినదలచుకున్నది చెబితే ప్రాణం నిలుస్తుందని తెలిసిన మనిషి ఏం చెబుతాడు? బాటసారుల హత్యలు జరిగిన మాట నిజం, శవాలు తవ్వి తీశారు. కానీ ఆ ముఠాల్లో కొలువు పోయిన సిపాయిలున్నారు, పంట పోయిన రైతులున్నారు, జమీందార్ల అండ ఉన్నవాళ్లున్నారు. దేశమంతా ఒకే మతం, ఒకే జాతి అన్న మాటను తర్వాతి చరిత్రకారులు గట్టిగా శంకించారు. 1836లో వచ్చిన చట్టానికి మాత్రం ఆ శంక లేదు. ఫలానా హత్య చేశాడని రుజువు కానక్కరలేదు, థగ్గుల ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవ శిక్ష.

మన పాత సాహిత్యంలో దొంగ ఇలా ఉండడు. దండి రాసిన దశకుమార చరిత్రను పదమూడో శతాబ్దంలో కేతన తెనిగించి తిక్కనకు అంకితమిచ్చాడు. అందులో అపహారవర్మ చంపానగరపు పిసినారుల ఇళ్లకు కన్నం వేస్తాడు. దొంగతనం అక్కడ ఒక విద్య. నేర్చినవాడికి వస్తుంది, మానదలచుకున్నవాడు మానుకుంటాడు. అడవుల్లో దారికొట్టే కిరాతుల గుంపులు ఆ కథల్లోనూ ఉన్నాయి, కాదనను. అయితే ఏ రాజూ వాళ్ల పిల్లల పేర్లు పుట్టిననాడే పోలీసు పుస్తకంలో ఎక్కించలేదు.

ఆ పని 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. థగ్గుల నుంచి పుట్టిన ఊహే ముదిరి, సంచార జాతులను మొత్తంగా జన్మతః నేరస్థులని రాసేదాకా వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానిలోనూ అమలైంది. మన ఎరుకలవాళ్లు దానికి చిక్కారు. అంతకుముందు వాళ్లేం చేసేవారు? గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని కోస్తా నుంచి లోపలి ఊళ్లకు మోసేవారు, తిరుగు దారిలో ధాన్యం తెచ్చేవారు. సర్కారు ఉప్పు మీద కొత్త పద్ధతులు పెట్టింది. రైలు వచ్చి సరుకు రవాణా లాగేసుకుంది. 1876–78 కరువు పశువులను తినేసింది. అడవి చట్టాలు మేతనూ, బుట్టలల్లే వెదురునూ దూరం చేశాయి. బతుకుతెరువు తీసేసినవాళ్లే, వీళ్లు బతుకుతెరువు లేనివాళ్లు గనుక దొంగలని రాశారు. ఈ వాక్యం రాస్తుంటే నాకు చెయ్యి వణుకుతోంది.

1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర, ఎరుకలవాళ్లను కట్టడిలో ఉంచే ఊరిగా స్టువర్టుపురం వెలిసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నడిపింది క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ, మన జనం నోట రక్షణ సైన్యం. హాజరు వేయించుకోవాలి, చీటీ లేనిదే ఊరు దాటకూడదు. అక్కడి మనుషులు చీరాల పొగాకు కంపెనీలో తక్కువ కూలికి పనిచేశారు.

ఇక్కడి నుంచి దారి మా దీవులకు వస్తుంది. ఉత్తరాదిన భాంటూలనే సంచార జాతి మీదా ఇదే ముద్ర వేశారు. ఆ జాతి బందిపోటు సుల్తానాను 1924లో ఉరితీశారు. నౌటంకీలు అతణ్ణి పేదల పెన్నిధిగా పాడాయి, జిమ్ కార్బెట్ తన పుస్తకంలో సానుభూతితో రాశాడు. 1926 ప్రాంతంలో భాంటూ కుటుంబాలను దక్షిణ అండమాన్‌కు తెచ్చి దింపారు. వెంట వచ్చింది మళ్లీ సాల్వేషన్ ఆర్మీయే. ఇంచుమించు అదే కాలంలో, 1925లో, బర్మా నుంచి కరెన్‌లు వచ్చి మా మాయాబందర్ పక్కన వేబీ గ్రామం కట్టుకున్నారు. ఖైదీల వలసను స్థిర నివాసుల దీవిగా మార్చాలన్న సర్కారు పథకంలో వీళ్లంతా భాగమే. కేరళ మాప్పిళ్లలు వచ్చారు. రంప ఫితూరీలో పట్టుబడ్డ మన మన్యం వీరులు కొందరు ఇక్కడే ప్రవాస శిక్ష అనుభవించారు. సర్కారు కాగితాల్లో వాళ్లూ ముఠావాళ్లే. 1942కు ముందు నుంచి ఉన్న కుటుంబాలను ఈ దీవుల్లో ‘లోకల్ బోర్న్’ అంటారు. వాళ్లలో ఎవరి తాత ఏ శిక్ష మీద వచ్చాడన్నది పెళ్లి సంబంధానికి అడ్డు రాలేదు. పుట్టుకతో నేరం వస్తుందన్న మాట అబద్ధమని చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు తెలియదు.

1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం రద్దయింది. ఆ ముద్ర కథల్లోంచి మాత్రం పోలేదు. 1991లో ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ అని ఒకే ఏడు రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఈ మధ్యలో హేమలత లవణం, లవణం దంపతులు ఆ ఊళ్లో ఏళ్ల తరబడి చేసిన సంస్కరణ పని మీద ఎవరికీ అంత మోజు పుట్టలేదు. ఒక ఊరి పేరును దొంగ అన్న మాటకు జంటగా చేసి టిక్కెట్లమ్మడం తప్పు. ఆ ఊరి పిల్లలు బడిలో ఊరి పేరు చెప్పుకోవాలి కదా.

ముఠాల నవలలు రాయవద్దని నేననను. పగ, ఎత్తుకు పైఎత్తు, నమ్మకద్రోహం ఉన్న కథను నేనూ నిద్ర మానుకుని చదువుతాను. తెలుగులో చారిత్రక కల్పన రాసే యువ రచయితలను ఒకటే కోరుతున్నాను. స్టువర్టుపురం మీద రాయదలిస్తే పోలీసు ఠాణా నుంచి మొదలుపెట్టకండి. రైలు రాకముందు, ఉప్పు బస్తాలతో ఎరుకల బిడారు కోస్తా నుంచి బయల్దేరిన రోజు నుంచి మొదలుపెట్టండి. రాసేముందు ఆ ఊరి పెద్దల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పేది వినండి.