రెండు వలసలు – ఒక గీటురాయి

"రేపు యేమవుతుందో తెలియని కాలంలో మనిషి దేన్ని పట్టుకొని బతకాలి మాస్టారూ?" అని ఆ మధ్య ఒక విద్యార్థి నన్ను అడిగాడు. అతని తండ్రి మిరప వేసిన కౌలు రైతు. కాయ కల్లంలో ఎండేనాటికి గుంటూరు యార్డులో ధర యెట్లా వుంటుందో ఆయనకు తెలియదు. కౌలు యెంత కట్టాలో మాత్రం నాట్లకు ముందే తెలుసు. అనిశ్చితి మా నల్లరేగడికి కొత్త కాదు. 1987–88లో పత్తికి తెగులు తగిలి, మందుల అప్పు తీరక, గుంటూరు, ప్రకాశం జిల్లాలలో యెందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అందువల్ల ఆ కుర్రవాని ప్రశ్నను వేదాంత ప్రశ్నగా తీసుకోవడానికి వీలులేదు.

దీనికి మామూలుగా చెప్పే జవాబొకటి వుంది: నీ విలువలేవో నీవు కాగితం మీద రాసుకో, వాటి ప్రకారం నడుచుకో అని. నాకు యీ జవాబు చాలదు. సత్యం, న్యాయం, సమానత్వం అని రాయనివాడెవడు? మనిషి విలువ అతను యేకరువు పెట్టే మాటల్లో లేదు. దేనికోసం దేన్ని వదులుకుంటాడన్న దానిలో వుంది. ఆ సంగతిని మా ప్రాంతపు చరిత్రే రెండుసార్లు రుజువు చేసింది.

మొదటిది చీరాల–పేరాల. మొన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలోనూ, 2022 నుండి బాపట్ల జిల్లాలోనూ వున్న యీ జంట గ్రామాలు ఆనాడు గుంటూరు జిల్లాలోనివి. నేతపనివారు, చిన్న వ్యాపారులు, రైతులు నివసించే యీ గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. స్థానిక స్వపరిపాలన అన్నది పేరు. ప్రజలకు అందినది అనేక రెట్లు పెరిగిన పన్ను. వారు కట్టమన్నారు. కొందరు జైళ్ళకు వెళ్ళారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ చీరాల వచ్చినప్పుడు ఊరు విడిచిపోవడం కూడా ఒక మార్గమని సూచించారు. అయితే కాంగ్రెసు సాయం మీద ఆధారపడవద్దన్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ప్రజలు ఆ కఠిన మార్గాన్నే యెన్నుకున్నారు. దాదాపు 15,000 జనాభాలో అత్యధికులు ఇళ్ళకు తాళాలు వేసి, మునిసిపల్ సరిహద్దు దాటి పాకలు వేసుకొని, దానికి రామనగరమని పేరు పెట్టారు. ఎండకూ వానకూ ఓర్చి సుమారు పదకొండు నెలలు అక్కడ కాపురమున్నారు.

ఎడింబరోలో చదివివచ్చిన గోపాలకృష్ణయ్యకు ఉద్యోగం కరువు కాదు. నేతగానికి మగ్గం గుంట మంచి ఇంట్లోనే వుంది. ఇద్దరూ సుఖాన్ని వదిలారు గాని మాటను వదలలేదు. ఇక్కడ విలువకు ఒక నిర్వచనం దొరికింది. అయితే మనం కీర్తనలు పాడడానికి కూర్చోలేదు గనుక రెండో పక్క కూడా చూడాలి. రామదండు కాషాయ వేషంలోనూ, శంఖనాదంలోనూ, ఒక్క మహావ్యక్తి ఆకర్షణలోనూ యెంత బలముందో అంత బలహీనతా వుంది. 1921 శరత్కాలంలో గోపాలకృష్ణయ్యను అరెస్టు చేసి జైలుకు పంపిన తరువాత ఆ నగరం క్రమంగా కుంగింది. 1922లో జనం పాత ఇళ్ళకు తిరిగి వచ్చారు. నాయకుని దగ్గర అప్పు తెచ్చుకున్న విలువ నాయకునితోపాటే జైలుకు పోతుందని దీనివల్ల మనం గ్రహించాలి.

అదే శీతకాలంలో పెదనందిపాడు ఫిర్కా లేచింది. పర్వతనేని వీరయ్య చౌదరి శాంతిసేనను కూడగట్టాడు. మునసబులు, కరణాలు గుంపులు గుంపులుగా రాజీనామాలిచ్చారు. శిస్తు నిలిచిపోయింది. పోలీసులు, సైన్యం దిగి జప్తులు చేసినా ఊరివాళ్ళు పాట పాడలేదు. మా తాతయ్య ఆ ఫిర్కావాడే. తన గేదెను వేలానికి పెడితే ఒక్కడూ నోరు విప్పలేదని చెప్పేటప్పుడు ఆయన కళ్ళు మెరిసేవి. చౌరీచౌరా తరువాత 1922 ఫిబ్రవరిలో బార్డోలీ తీర్మానం శాసనోల్లంఘనాన్ని ఆపివేసింది. పై నుంచి ఆజ్ఞ వచ్చింది, కింద శిస్తు కట్టారు. అదే నెలలో పల్నాడులో పుల్లరికి ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చాడు.

పన్నుల నిరాకరణకు గాంధీ పెట్టిన షరతులలో అస్పృశ్యతా నివారణ ఒకటి. శిస్తు మానడం రైతుకు విలువా అయింది, లాభమూ అయింది. అంటరానితనం మానడంలో లాభం లేదు. పైగా చౌకగా వచ్చే కూలికే ముప్పు. కాబట్టి మొదటి షరతు పాటించినంత సులువుగా రెండోది పాటించలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ జైలులో కూర్చుని 'మాలపల్లి' రాసింది యీ సమయంలోనే. ఆ పుస్తకాన్ని ప్రభుత్వం నిషేధించిందని మనం గర్వంగా చెప్పుకుంటాం; మన ఇళ్ళల్లో దాన్ని యెందరు అమలులో పెట్టారని అడుగుకోము.

మా ఇంటి వసారా చూరులో ఒక సత్తు గ్లాసు వుండేది. మిరపకాయలు కోయడానికి పల్లె నుంచి వచ్చే కూలీలకు అందులో నీళ్ళు పైనుంచి పోసేవారు. దొరతనానికి తల వంచని తాతయ్యకు ఆ గ్లాసు యెన్నడూ కనపడలేదు. కాలేజీలో చేరి అభ్యుదయ సాహిత్యం చదివి, 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగిందని ఉపన్యాసాలిచ్చిన నాకు కనపడింది. చూసి ఊరుకున్నాను. ఇది తాతయ్య తప్పుకన్న పెద్దదని యిప్పుడు అనుకుంటున్నాను.

1985 జూలై 17న కారంచేడు జరిగింది. తాగే నీటి చెరువులో కుడితి నీళ్ళు పోయవద్దని ఒక దళిత స్త్రీ అడ్డుపడడంతో మొదలైన తగవు అది. మరునాడు కమ్మ భూస్వాముల గుంపు మాదిగపల్లె మీద పడింది. ఆరుగురు హతులయ్యారు. నేనూ ఆ కులంలో పుట్టినవాణ్ణే. మిగిలిన దళితులు కొద్దిమైళ్ళు నడిచి చీరాల చేరారు. శిబిరం వేసుకొని, ఆ ఊరికి తిరిగి పోబోమన్నారు. పోతే కూలి దొరుకుతుంది. పోకపోతే ఆత్మగౌరవం మిగులుతుంది. వారు పోలేదు, చీరాలలోనే కొత్త కాలనీ కట్టుకున్నారు. ఆ పోరాటంలోనుంచే దళిత మహాసభ పుట్టింది. కులాన్ని వర్గం చాటున దాచిపెట్టే మా అలవాటును కూడా అది బోనులో నిలబెట్టింది.

రెండు వలసలకూ చీరాలే సాక్షి. 1921లో ఇళ్ళున్నవారు ఇళ్ళు వదిలారు. 1985లో ఇల్లూ పొలమూ లేనివారు, వున్న ఒక్క కూలి ఆధారాన్నీ వదిలారు. మొదటివారికి తిరిగి రావడానికి ఇల్లు వుంది. రెండోవారికి వెనుదిరగడమే అవమానం. పేపర్లలో కారంచేడు వార్త వచ్చిన వారం నేను మా ఊరు వెళ్ళి ఆ సత్తు గ్లాసును చూరు నుంచి తీసి, వంటింటి గ్లాసుల్లో కలిపాను. నాయనమ్మ రెండు రోజులు నా చేతి నీళ్ళు ముట్టలేదు. తాతయ్య చాలాసేపు మౌనంగా వుండి, "ఆనాడు మా షరతుల్లో ఇదీ వుందిరా" అన్నాడు. అరవై మూడేళ్ళు ఆ మాట ఆయన నోట రాలేదు! గ్లాసు తీసినంత మాత్రాన భూమి పంపకం కాలేదు, కూలి రేటు పెరగలేదు. ఇది నేను మరువను. అయినా నా లెక్క నేను మొదలుపెట్టింది అక్కడే.

నా విద్యార్థికి కాగితం ఇవ్వలేదు. రోజూ వేసుకోవలసిన మూడు ప్రశ్నలు ఇచ్చాను. ఈ విలువ కోసం నేను ఇవాళ దేన్ని పోగొట్టుకున్నాను? నాపైవానిని అడిగే న్యాయాన్ని నా కిందివానికి ఇస్తున్నానా? నన్ను నడిపించేవాడు రేపు లేకపోతే, లేదా ఆగమంటే, ఇది నిలుస్తుందా?

అతను కాసేపు ఆలోచించి, "మా నాన్న కౌలు పొలంలో ఆడకూలీకి మగకూలీ కన్న తక్కువిస్తాడు మాస్టారూ" అన్నాడు. ధర యెట్లా వుంటుందో మనకు తెలియదు. ఇది మాత్రం తెలుసు. మొదలుపెట్టవలసినది ఇక్కడినుంచే.