పిండి మూత కింద ఏముంది?

1379లో లండన్ నగర పాలకులు మాంసం పైలు కాల్చి అమ్మేవాళ్ళ మీద ఒక కట్టడి తెచ్చారు. వాళ్ళు తినడానికి పనికిరాని తుక్కునీ, ఒక్కోసారి కంపు కొట్టే కుందేలు, పెద్దబాతు మాంసాన్నీ పిండిలో చుట్టి కాలుస్తున్నారనీ, గొడ్డు మాంసం పెట్టి జింక మాంసమని చెప్పి జనాన్ని మోసం చేస్తున్నారనీ అందులో రాసి ఉంది. పట్టుబడితే జరిమానా, దాంతోపాటు జైలు. దానికి ముందు ఏడాదే నగరంలో వండి అమ్మే మాంసానికి ధరల పట్టిక ప్రకటించారు. మాంసం సొంతంగా తెచ్చుకుని కాల్పించుకునేవాళ్ళ కోసం పిండికీ, నిప్పుకీ, శ్రమకీ కలిపి అందులో విడిగా ఒక రేటు కూడా ఉంది. అమ్మేవాడి మాంసం మీద నమ్మకం లేనివాళ్ళకి అదొక్కటే దారి.

దాదాపు ఆరున్నర శతాబ్దాలు గడిచినా, బ్రిటన్‌లో ఏ పబ్‌లోనైనా మాంసం పై తెప్పించుకున్న మనిషి అనుమానం అదే. చేప వేపుడైతే కంటికి కనిపిస్తుంది. కాల్చిన మాంసాన్ని కళ్ళముందే కోస్తారు. పై మాత్రం అన్ని వైపులా మూసుకుని బల్ల మీదికి వస్తుంది. వేమన మేడిపండు దీనికి అతికినట్టు మరే వంటకానికీ అతకదు. అందుకే దాని మంచిచెడ్డలు తేల్చడం అక్కడ ఒక విద్యగా పెరిగింది. చట్టసభ దాకా, కోర్టుల దాకా, చివరికి చర్చి దాకా వెళ్ళిన విద్య అది.

మొదట్లో ఆ పిండి గోడ పని వేరు. ఇంటింటా ఓవెన్లూ, కాల్చడానికి తగిన పాత్రలూ లేని మధ్యయుగాల్లో, గట్టిగా కలిపిన పిండిని మందంగా డబ్బాలా నిలబెట్టి, లోపల మాంసం పెట్టి, పైన మూసి కాల్చేవాళ్ళు. పిండి గోడే పాత్ర. కాలిన తర్వాత మూతకున్న కన్నంలోంచి కరిగించిన వెన్నో కొవ్వో పోస్తే అది లోపల గడ్డకట్టి గాలి చొరబడకుండా ఆపేది. అలా మూసిన పై కొన్నాళ్ళు నిలవుండేది, దూరప్రయాణం తట్టుకునేది. గ్లాస్టర్ నగరం సెవెర్న్ నదిలో దొరికే లాంప్రే అనే చేపలతో పై చేయించి ఏటా క్రిస్మస్‌కి రాజుగారికి పంపే ఆనవాయితీ 1836 దాకా సాగిందంటే ఆ మూత ఎంత గట్టి పని చేసేదో ఊహించుకోవచ్చు.

నిలవుండే గుణమే మోసానికీ దారి చూపింది. నిన్నటి పై, మొన్నటి పై కూడా వేడి చేసి అమ్మేయొచ్చు. 14వ శతాబ్దపు చివర్లో చాసర్ రాసిన ‘కాంటర్‌బరీ టేల్స్’లో సత్రం యజమాని హ్యారీ బెయిలీ, తోటి యాత్రికుడైన వంటవాడిని నలుగురిలో నిలదీస్తాడు. రెండుసార్లు వేడెక్కి రెండుసార్లు చల్లారిన పైలు అమ్మావు కదా అంటాడు. ఇంగ్లిషు సాహిత్యంలో నాకు తెలిసిన తొలి పై విమర్శకుడు ఇతనే. అతను సత్రం నడిపేవాడు కావడం నాకు మరీ నచ్చింది. ఆ ఆరోపణ నేటి మైక్రోవేవ్ పబ్‌లకీ సరిపోతుంది.

ఇక 19వ శతాబ్దపు లండన్. వీధుల్లో పైలమ్మేవాళ్ళు పెన్నీకొకటి చొప్పున అమ్ముతూ రాత్రిపూట పబ్‌లన్నీ చుట్టబెట్టేవాళ్ళు. వాళ్ళతో మాట్లాడి వాళ్ళ బతుకుల్ని రాసిపెట్టిన హెన్రీ మేహ్యూ ఒక ఆచారం చెబుతాడు. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా ఆడేవాళ్ళు. కొనేవాడు గెలిస్తే పై ఉచితం, అమ్మేవాడు గెలిస్తే పై ఇవ్వకుండానే పెన్నీ వాడిది. తాగిన మైకంలో ఉన్న పెద్దమనుషులు తినే ఉద్దేశం లేకుండానే ఆడి, గెలిచిన పైల్ని ఒకరి మీద ఒకరు విసురుకునేవాళ్ళట, ఒక్కోసారి అమ్మేవాడి మీదే విసిరేవాళ్ళట. గ్రేవీ ఎలా పోసేవాళ్ళో కూడా మేహ్యూ రాశాడు. పై మూతకి వేలితో కన్నం చేసి, నూనె డబ్బా లాంటి దాంతో లోపలికి ఒంపేవాళ్ళు. ఆ గ్రేవీ అంటే రంగు తెప్పించిన ఉప్పునీళ్ళే. ‘మ్యావ్’ అని అరుస్తూ పైవాణ్ణి ఏడిపించడం వీధిపిల్లల అలవాటు. పిల్లి మాంసం పెడుతున్నాడని దెప్పడం అన్నమాట. డికెన్స్ ‘పిక్విక్ పేపర్స్’లో శామ్ వెల్లర్ ఈ పిల్లి భయాన్నే నవ్వు పుట్టిస్తూ చెబుతాడు. 1846–47లో వారం వారం వచ్చిన ఒక కథలో మనిషి మాంసంతో పైలు చేసే లవెట్ అనే ఆవిడ పుట్టింది, స్వీనీ టాడ్ అనే మంగలితో సహా. పిండి మూత కింద ఏముందో తెలియని భయం ఆ ఊరి జనంలో ముందే లేకపోతే ఆ కథ అంతగా పట్టుకునేది కాదు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదని 1887 ఆగస్టులో యార్క్‌షైర్‌లోని డెన్బీ డేల్ అనే చిన్న ఊరు నిరూపించింది. గొప్ప సందర్భం వస్తే ఊరంతటికీ కలిపి ఒకే పెద్ద పై చేయడం ఆ ఊరి సంప్రదాయం. మూడో జార్జి రాజుకి జబ్బు నయమైనందుకు 1788లో మొదటిది చేశామని చెప్పుకుంటారు. ధాన్యం దిగుమతి చట్టాలు రద్దయినప్పుడు 1846లో ఇంకొకటి చేశారు. విక్టోరియా రాణి పాలనకి 50 ఏళ్ళు నిండినప్పుడు అన్నిటికన్నా ఘనంగా చేయాలనుకున్నారు. గొడ్డు మాంసం, గొర్రె, కోడి, వేట పిట్టలు, అన్నీ వేశారు. అంత మాంసం ఒక్కసారిగా ఉడకదు కాబట్టి వాయిలు వాయిలుగా వండి పేర్చుకుంటూ వచ్చారు. వేలమంది చూస్తుండగా మూత కోశారు. లోపలినుంచి వచ్చిన కంపుకి ముందు వరసలో వాళ్ళు వెనక్కి పరుగెత్తారు. వెచ్చగా మూసిపెట్టిన మాంసం కుళ్ళిపోయింది. మందపాటి పిండి, దాని కింద పెద్ద ముద్దగా మాంసం ఉంటే నడిమధ్య వేడి గంటల తరబడి చల్లారదు, ఆ గోరువెచ్చదనంలోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పైని అడవిలోకి లాక్కెళ్ళి సున్నం వేసి పాతిపెట్టారు. తర్వాత కొద్దిరోజుల్లోనే ఊళ్ళోని ఆడవాళ్ళు పూనుకుని, మంచి మాంసం తెప్పించి, మళ్ళీ కొత్త పై చేసి ఊరి పరువు నిలబెట్టారు. దానికి పునరుత్థాన పై అని పేరు. 

నాణ్యతకి ఒక కొలబద్ద ఏర్పడింది మాత్రం లెస్టర్‌షైర్‌లోని మెల్టన్ మోబ్రేలో. అది స్టిల్టన్ జున్ను చేసే ప్రాంతం. జున్ను విరుగుడు తేట తాగి పందులు బలిసేవి. నక్కల వేటకొచ్చే దొరల దగ్గర పనివాళ్ళు జేబులో పెట్టుకుని పోవడానికి పంది మాంసం పై వీలుగా ఉండేది. దాన్ని చూసి దొరలూ అలవాటు పడ్డారంటారు. ఎడ్వర్డ్ ఆడ్‌కాక్ అనే బేకరీ యజమాని 1831 ప్రాంతంలో వీటిని లండన్‌కి పంపే వ్యాపారం మొదలుపెట్టాడు. నీళ్ళలో పంది కొవ్వు వేసి మరిగించి, ఆ వేడి నీటితోనే కలిపిన పిండి ఇది. అచ్చులో కాకుండా విడిగా నిలబెట్టి కాలుస్తారు కాబట్టి పక్కలు కొద్దిగా ఉబ్బి వంపు తిరుగుతాయి. ఉప్పులో నానబెట్టి నిలవచేసిన మాంసం కాకుండా పచ్చి మాంసం తరిగి వేస్తారు కాబట్టి లోపల బూడిద రంగు ఉంటుంది. గులాబీ రంగు కనిపిస్తే అది మెల్టన్ పై కాదు. కాలాక ఎముకల రసం పోస్తే అది జెల్లీలా గట్టిపడి ఖాళీలు నింపుతుంది. ఆ పేరుని ఎక్కడ పడితే అక్కడ వాడుకోకుండా స్థానిక తయారీదారులు పోరాడితే, పెద్ద కంపెనీ ఒకటి కోర్టుకెళ్ళింది. చివరికి 2009లో యూరోపియన్ యూనియన్ భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. మన తిరుపతి లడ్డూకి భౌగోళిక గుర్తింపు దక్కిందీ అదే ఏడాది.

పబ్‌లలో వేడి వేడి పై భోజనంగా స్థిరపడటం మాత్రం మరీ పాత కథేమీ కాదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చాలాకాలం పబ్ అంటే బీరు, మహా అయితే బల్ల మీద గాజు మూత కింద చల్లటి పోర్క్ పై, ఊరబెట్టిన గుడ్డు. 1967లో డ్రైవర్ల ఊపిరి పరీక్షలు వచ్చాయి. 2007లో ఇంగ్లండ్ పబ్‌లలో పొగతాగడం నిషేధించారు. తాగుడు మీద వచ్చే రాబడి తగ్గినకొద్దీ వంటగది మీద ఆధారం పెరిగింది. 1991లో లండన్ క్లర్కెన్‌వెల్‌లోని ఈగిల్ పబ్ మంచి వంటనే ముందు పెట్టి కొత్త దారి చూపింది. ఆ దారిలో నడిచినవాళ్ళు కొందరైతే, గడ్డకట్టించిన డబ్బాలు తెప్పించి వేడి చేసి పెట్టేవాళ్ళు ఎందరో.

దాంతోపాటే ఒక చెడ్డ అలవాటు పాకింది. గిన్నెలో కూర పోసి, విడిగా పొంగించి ఉంచిన పఫ్ పిండి ముక్కని మీద పెట్టి, దాన్ని పై అని వడ్డించడం. పబ్‌కి ఇది లాభం. పెద్ద కుండలో కూర సిద్ధంగా ఉంటుంది, అడిగినప్పుడు గరిటెతో పోస్తే చాలు. తినేవాడికి మాత్రం దక్కేది టోపీ పెట్టుకున్న కూర. కూరకి ఇలా పిండి మూత పెట్టి పై అని అమ్మడాన్ని నేరంగా ప్రకటించాలని 2015లో బ్రిటిష్ పార్లమెంటుకి ఒక అర్జీ వెళ్ళింది, వేలమంది సంతకాలు చేశారు. చట్టం రాలేదు. కానీ ఆ అర్జీదారులది న్యాయమైన కోపమని నా నమ్మకం. కూర రసం పిండిలోకి ఇంకి, పిండి రుచి కూరలోకి దిగి, రెండూ ఒకే ఓవెన్‌లో కలిసి కాలితేనే పై. విడివిడిగా వండి పళ్ళెంలో కలిపితే ఆ రుచి రాదు.

ఉన్న చట్టం మాంసం గురించి మాట్లాడుతుంది గానీ ఏమంత గట్టిగా కాదు. మీట్ పై అనే పేరుతో అమ్మే సరుకు 200 గ్రాములు దాటితే అందులో మాంసం కనీసం 12.5 శాతం ఉండాలంటుంది. అంటే 250 గ్రాముల పైలో 31.25 గ్రాముల మాంసం ఉన్నా చట్టప్రకారం తప్పులేదు. మెల్టన్ మోబ్రే గుర్తింపు అడిగేది 30 శాతం. ఈ రెండు అంకెల మధ్యనే మంచి పైకీ నాసిరకానికీ ఉన్న దూరం అంతా ఉంది.

మరి పళ్ళెం ముందుకొచ్చాక ఎలా తేల్చాలి? నేనైతే అడుగునుంచి మొదలుపెడతాను. కత్తితో కాస్త లేపి చూడాలి. అడుగు విరగకుండా నిలబడి, గోధుమ రంగు తేలి ఉంటే వంటవాడికి పని తెలుసన్నమాట. లోపలి కూర వేడిగా ఉండగానే పిండిలో పోస్తే పిండిలోని కొవ్వు కాలకముందే కరిగి, అడుగు ముద్దయిపోతుంది. కూరని పూర్తిగా, వీలైతే ఒక రాత్రంతా, చల్లార్చినవాడి పైకే అడుగు గట్టిగా ఉంటుంది. పిండి లోపలి అంచున గ్రేవీ పీల్చుకున్న సన్నటి మెత్తటి పొర ఉండాలి. తినేటప్పుడు అన్నిటికన్నా రుచిగా ఉండేది అదే. ఆ పొర పచ్చి పిండిలా పళ్ళకి అంటుకుంటే మాత్రం పై సగం కాలినట్టే.

తర్వాత కోసి చూడాలి. మూత కింద ఖాళీ గుహ ఉండకూడదు. గ్రేవీ వరదలా పారకుండా, ముక్కల్ని పట్టుకుని నెమ్మదిగా జారాలి. ముక్క ముక్కలా కనిపించాలి, ఫోర్కుతో నొక్కితే పీచులుగా విడిపోవాలి. అది మాంసం ఎంపికలో ఉంది. కొవ్వూ నరమూ లేని ఖరీదైన భాగం ఎంత ఉడికితే అంత ఎండుతుంది. కాలి పిక్క, మెడ భాగంలోని నరాలు సన్న సెగ మీద గంటల తరబడి ఉడికితే జెలటిన్‌గా కరిగి, గ్రేవీకి చిక్కదనం ఇస్తాయి. అలాంటి గ్రేవీకి పిండి కలిపి చిక్కబరచాల్సిన పని పెద్దగా ఉండదు. బీరు వేసిన స్టీక్ అండ్ ఏల్ పైలో చేదు ఎక్కువైతే, హాప్స్ అనే చేదు పూలు దండిగా వేసిన బీరు పోసి బాగా ఇగరబెట్టారని అర్థం. తోలులా సాగే పిండి మైక్రోవేవ్ పని. పై మీద గ్రేవీ కుమ్మరించి తెచ్చే పబ్‌ని నేను నమ్మను, కరకరలాడే పిండి కాల్చినవాడు దాన్ని తడిపి ఇవ్వడు.

ఈ చూపుని ఏటా ఒకచోట కొలమానంగా మారుస్తున్నారు. 2009 నుంచి మెల్టన్ మోబ్రేలోని సెయింట్ మేరీస్ చర్చిలో బ్రిటిష్ పై అవార్డుల పోటీ జరుగుతోంది. ఆరాధన జరిగే నడవలోనే బల్లలు పరిచి, కసాయివాళ్ళు, బేకరీలవాళ్ళు, పబ్‌లవాళ్ళు పంపిన వందల పైల్ని న్యాయనిర్ణేతలు కోసి రుచి చూస్తారు. అక్కడ నిబంధన ఒక్క ముక్కలో ఉంటుంది, పూర్తిగా పిండిలో మూసి కాల్చినదే పై. మూత మాత్రమే ఉన్నదానికి చోటు లేదు. 2019లో అక్కడ అన్నిటికన్నా ఉత్తమమని గెలిచింది మాంసం పై కాదు, చిలగడదుంప, గుమ్మడి కూరిన వీగన్ పై. పిండి పనితనాన్నీ కూర సమతూకాన్నీ చూసి మార్కులు వేస్తారనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

చదువులకీ ఉద్యోగాలకీ బ్రిటన్ వెళ్ళే మన తెలుగు పిల్లలకి ఒక్క మాట. గొడ్డు మాంసం, పంది మాంసం తిననివాళ్ళు చికెన్ పైనో, జున్నూ ఉల్లిపాయల పైనో ధైర్యంగా ఎంచుకుంటారు. కానీ పిండిలో ఏ కొవ్వు కలిపారో కూడా చూడాలి. కొన్నిటిలో పంది కొవ్వు ఉంటుంది, స్యూట్ అనే పేరుతో గొడ్డు మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు వేసేవీ ఉంటాయి. కౌంటర్ దగ్గర మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. పిండిలో ఏ కొవ్వు వేశారు? అడుగు కూడా పిండేనా? ఇక్కడే కాల్చారా? మూడింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే పబ్ దొరికితే కూర్చోండి, గ్రేవీ మాత్రం పక్కన వేరే గిన్నెలో తెమ్మనండి.