నోటరీ ముద్ర వెనుక కథ

ఖైరతాబాద్ ఆర్టీఏ ఆఫీసుకో, అమీర్‌పేట బ్యాంకుకు ఇంటిరుణం కోసమో వెళ్లినవారికి ‘నోటరీ చేయించుకు రండి’ అన్న మాట కొత్త కాదు.

వలస పాలనలో మన దేశానికి నోటరీలను ఇంగ్లండ్‌లోని ‘మాస్టర్ ఆఫ్ ఫ్యాకల్టీస్’ నియమించేవారు. 1881 నాటి చట్టం ప్రకారం నియమితులైనవారి అధికారం హుండీలు, ప్రామిసరీ నోట్లకే పరిమితం. స్వతంత్ర దేశం ముద్ర కోసం లండన్ వైపు చూడటమేమిటి? అందుకే 1952లో నోటరీల చట్టం వచ్చింది. 1956 ఫిబ్రవరి 14న అమల్లోకి వచ్చింది.

అమెరికాలో రుణపత్రాలపై సంతకాలు చేయించే నోటరీ ఏజెంటు చాలా రాష్ట్రాల్లో లాయరు కానక్కర్లేదు. ఇక్కడ నోటరీ కావాలంటే సాధారణంగా పదేళ్లు వకీలుగా పనిచేసి ఉండాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు ఏడేళ్లు చాలు. ఈ సడలింపు న్యాయమైనది.

అయితే హైదరాబాద్‌లో ఎందరో పేదలు నోటరీ కాగితాన్నే ఇంటి దస్తావేజుగా నమ్మారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం జీవో 84తో అలాంటి పట్టణ స్థలాల క్రమబద్ధీకరణకు దారి తెరిచింది. అప్పట్లో 125 గజాల లోపు వాటికి స్టాంపు డ్యూటీ మినహాయించింది.

నోటరీ సంతకాన్ని ధ్రువీకరిస్తుంది, హక్కును ఇవ్వదు. వంద రూపాయలు, ఆపైన విలువైన స్థిరాస్తి అమ్మకానికి 1908 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇల్లు కొనేముందు రిజిస్టరైన దస్తావేజు అడగండి.