పదం లోపలి పదం: శ్రీముఖలింగం శాసనాల నుండి సవర నిఘంటువు వరకు

ఉపోద్ఘాతం:

ఆంగ్ల నిఘంటువులో పదాన్ని మొదటి అక్షరాన్నిబట్టి వెదకుతారు. ‘అన్‌ఫ్రెండ్లీనెస్’ అనే పొడవైన పదం ‘యు’ అక్షరం కింద ఉంటుంది. దాని కడుపులో ఉన్న ‘ఫ్రెండ్’ మాత్రం ‘ఎఫ్’ కింద ఉంటుంది. ఫలానా అక్షరాలు నడుమ ఎక్కడో వచ్చే దీర్ఘపదాలను ఏరాలంటే అకారాది క్రమం ఏ విధంగానూ తోడ్పడదు. ఒకప్పుడు పుటలన్నీ తిరగవేయవలసి వచ్చిన ఈ పనిని నేడు కంప్యూటర్ క్షణంలో చేస్తుంది. ఆంగ్లం వరకు ఇది చాలావరకు పదబంధాల పూరణకు చెందిన వినోదం. ఉత్తరాంధ్ర కొండల్లోని సవర భాషలో అదే అన్వేషణ వాక్యార్థ నిర్ణయానికి మార్గం. ఆ మార్గాన్ని మొదట గ్రంథస్థం చేసిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) శ్రీముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయనను గురించి విస్తారంగా చర్చ జరిగింది. నిఘంటుకారునిగా జరిగిన చర్చ స్వల్పం.

శాసనాల బడి:

వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. ఇప్పుడు ఇది నిర్వివాదాంశంగా కనిపిస్తుంది గాని, ఫ్లీట్ వంటి పండితులు కళింగనగరాన్ని సముద్రతీరంలోని కళింగపట్నంగా భావించిన కాలంలో, అది ముఖలింగమేనని వాదించినవారు రామమూర్తి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా చేరిన ఆయన, ముఖలింగేశ్వరాలయంలోని శాసనాలను పుస్తకాల సాయంతో స్వయంగా చదవడం నేర్చుకున్నారు. గురువు లేని చదువు అది.

ప్రాచీన శాసనాల్లో పదానికీ పదానికీ నడుమ ఎడం ఉండదు. అక్షరాలు బారులు తీరి ఉంటాయి. ఎక్కడ విరవాలో చదువరే తేల్చుకోవాలి. అఖండదీపానికి చేసిన దానాల వంటి వాటిలో ఒకే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి, తెలిసిన మాటను ఆ బారులో గుర్తుపట్టి, దానికి ఇరువైపులా మిగిలిన అక్షరాలనుండి తెలియని మాటను రాబట్టవచ్చు. శాసన పఠనానికీ సవర భాషాకృషికీ సంబంధం ఉందని రామమూర్తి స్వయంగా చెప్పారని అనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అయితే రెండింటిలోనూ పని తీరు ఒక్కటే.

పులి దాగిన క్రియ:

సవర ఆస్ట్రో-ఏషియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందిన భాష. ఇందులో కర్మపదం, కొన్ని సందర్భాల్లో కర్తృపదం సైతం క్రియలోపల ఇమిడిపోతుంది. అలా ఇమిడేటప్పుడు నామం తన పూర్తి రూపంతో రాదు, కురచబడుతుంది. పులిని ‘కినా’ అంటారు. ‘పులి నిన్ను పట్టుకుంటుంది’ అనడానికి ‘ఞమ్‌కిడ్‌తమ్’ అనే ఒక్క పదం చాలు. ‘ఞమ్’ పట్టుకోవడం, ‘కిడ్’ పులి, చివరి ‘అమ్’ నిన్ను. ‘కినా’ కోసం వెదికేవానికి ఈ పదంలో అది కనిపించదు. గేదెను తెలిపే ‘బోఙ్‌తేల్’ క్రియలో ‘బోఙ్’ అవుతుంది. ‘వారు గేదె మాంసం తింటున్నారు’ అన్న మాట ‘జోమ్‌బోఙ్‌తేన్‌జి’. ఇక్కడ పదం మొదలైనా మిగిలింది. ‘కమ్‌పుఙ్’ (కడుపు) విషయంలో అదీ లేదు; మొదటి భాగం పోయి ‘పుఙ్’ మిగులుతుంది. ‘పోపుఙ్‌కున్‌తమ్’ అంటే ‘నిన్ను కడుపులో కత్తితో పొడుస్తారు’. పొడవడం, కడుపు, కత్తి, నీవు అన్నీ ఒకే పదంలో వరుసగా కూర్చున్నాయి. (తెలుగు వర్ణమాలలో పిల్లలు వల్లించి మరచిపోయే ఙ, ఞలకు ఇక్కడ నిత్యం పని ఉండటం గమనార్హం.)

ఇటువంటి భాషకు నిఘంటువు కూర్చేవాడు ‘కినా’ను ఒక్కచోట నమోదు చేసి ఊరుకుంటే, మన్యంలో ఆ నిఘంటువు చేతబట్టుకొని తిరిగే ఉపాధ్యాయునికో వైద్యునికో పులి గురించిన హెచ్చరిక అర్థం కాదు. 1931లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించిన సవర భాషా వ్యాకరణంలో రామమూర్తి ఈ సంయోగరూపాలను వివరించారు. తర్వాతి కాలంలో క్రియలో నామం ఇమిడే తీరును చర్చించిన పాశ్చాత్య భాషాశాస్త్రవేత్తలు ఆ గ్రంథంలోని ఉదాహరణలనే ఆధారం చేసుకున్నారు. 1933లో ఆంగ్ల–సవర, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువులు వెలువడ్డాయి. వాటి వెనుక దశాబ్దాల శ్రమ ఉంది. సవర తెలిసిన వ్యక్తిని ఇంట ఉంచుకొని భాష నేర్చుకోవడంతో అది మొదలైంది. తొలి సవర పుస్తకాలకు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపినప్పుడు, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి పెట్టమని ఆయన కోరారు.

లిపి సమస్య:

పదం లోపల అక్షరాలు వెదకాలంటే ముందు ఆ అక్షరాలు ఏవో స్థిరపడాలి. రామమూర్తి తొలి పుస్తకాలను తెలుగు లిపిలోనే రాశారు. అయితే సవరలో కంఠాన్ని క్షణకాలం బిగబట్టి పలికే ధ్వని ఒకటి ఉంది. తెలుగులో దానికి గుర్తు లేదు. అందుచేత వ్యాకరణ, నిఘంటువుల్లో రోమన్ అక్షరాలకు ధ్వనిసంకేతాలు చేర్చి వాడారు. 1931 నాటి గ్రంథం పేరులోనే ‘సోరా’ అన్న మాటలో ప్రతి అచ్చు పక్కనా దీర్ఘాన్ని సూచించే రెండు చుక్కలు కనిపిస్తాయి. తెలుగులో వ్యావహారికం కోసం పోరాడిన వ్యక్తి, నోటిలోని పలుకును కాగితం మీద పోనివ్వకూడదన్న పట్టుదలను సవర విషయంలోనూ వదలలేదు.

1936లో మంగేయి గొమాంగో సవర భాషకు ‘సొరాంగ్ సొంపెంగ్’ అనే స్వంత లిపిని రూపొందించారు. ఒడిశాలోని సవరల్లో ఒడియా లిపి కూడా వాడుకలో ఉంది. ఆ విధంగా ‘కిడ్’ నేడు నాలుగు లిపుల్లో నాలుగు వేర్వేరు వరుసల్లో దొరుకుతుంది. కంప్యూటర్‌లో ఒక లిపిలో టైపు చేసి వెదికితే తక్కిన మూడింటిలోని పులులు బయటికి రావు.