కృష్ణాపత్రిక దర్బారు

మంట దగ్గరికి జరగండర్రా, చలి ముదురుతోంది. బందరు ముచ్చట ఒకటి చెప్పమన్నారుగా, చెబుతాను. బందరంటే మీకు లడ్డు గుర్తొస్తుంది, మీ అమ్మకి కలంకారీ గుర్తొస్తుంది. మా నాన్నకి మాత్రం కృష్ణాపత్రిక ఆఫీసు గుర్తొచ్చేది. ఆయన నోట విన్నది కొంత, పెద్దయ్యాక పాత సంచికల కట్టలు విప్పి నేను చదువుకున్నది కొంత. రెండూ కలిపి చెబుతాను, వినండి.

కృష్ణాపత్రిక 1902 ఫిబ్రవరి 2న బందర్లో పుట్టింది. పుట్టించినవాళ్ళు కొండా వెంకటప్పయ్య గారు, దాసు నారాయణరావు గారు. అందులోకి కుర్రవాడుగా వచ్చి చేరారు ముట్నూరి కృష్ణారావు గారు. దివి తాలూకా ముట్నూరులో 1879లో పుట్టిన మనిషి. నోబుల్ కాలేజీలో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారి దగ్గర చదువుకున్నారు. 1907లో పత్రిక ఆయన చేతికి వచ్చింది. 1945లో కన్నుమూసేదాకా ఆయన చేతిలోనే ఉంది. 38 ఏళ్ళు ఒకే కుర్చీ, ఒకే పత్రిక. పట్నం పోలేదు, పదవి అడగలేదు. బందర్లో కూర్చునే ఆంధ్రదేశం మొత్తానికి వినపడేలా మాట్లాడారు.

సాయంత్రం అయ్యేసరికి ఆఫీసులో జనం చేరేవారు. ప్లీడర్లు, కవులు, పాటగాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు, ఊరికే వినడానికి వచ్చినవాళ్ళు. దాన్ని ఊళ్ళో అందరూ దర్బారు అనేవారు. రాజు లేడు, నజరానాలు లేవు, పేరు మాత్రం దర్బారే. ఒకరు పద్యం చదివితే ఇంకొకరు అందులో మంచి చెడ్డలు ఎంచేవారు. కచేరీ విని వచ్చినవాళ్ళు ఆ రాగం ఎక్కడ నిలబడిందో, ఎక్కడ జారిందో చెప్పాలి. ఊరికే బాగుందంటే దర్బారులో చెల్లేది కాదు. మా నాన్న అప్పటికి పాతికేళ్ళవాడు. గుమ్మం పక్కన నిలబడి వినేవాడట. "నాకు చెవులు అక్కడే వచ్చాయిరా" అనేవాడు.

మీరనుకోవచ్చు, అది స్వరాజ్యం కోసం కొట్లాడే పత్రిక కదా, అందులో కచేరీలూ బొమ్మలూ ఏమిటని. బాగా అడిగారు. 1907లో బిపిన్ చంద్రపాల్ గారు మన జిల్లాలన్నీ తిరిగి ఉపన్యాసాలిచ్చినప్పుడు వెంట ఉండి తిప్పిన మనిషి కృష్ణారావు గారే. 1910లో బందర్లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టినప్పుడు కోపల్లె హనుమంతరావు గారితో, పట్టాభి సీతారామయ్య గారితో కలిసి నిలబడ్డదీ ఆయనే. ఆయన రాతలు చదివితే నాకు తేలిందొకటే. పరాయివాడు మన నేల ఒక్కటే తీసుకోలేదు, మన కళ్ళనీ చెవుల్నీ కూడా తీసుకున్నాడు. మన గుడి మీద శిల్పం మనకే మోటుగా కనపడే స్థితికి తెచ్చాడు. కాబట్టి చట్టసభ గురించి రాసే కలమే వీణ గురించీ రాయాలి, నాట్యం గురించీ రాయాలి. రెండూ ఒకే పని. ఆయనకి కళావిమర్శ కాలక్షేపం కాదర్రా. అదే ఆయన స్వరాజ్యం.

బొమ్మల సంగతే చూడండి. జాతీయ కళాశాలలో చిత్రలేఖనం చెప్పడానికి ప్రమోదకుమార్ చటోపాధ్యాయ గారు బెంగాల్ నుంచి వచ్చారు. అవనీంద్రనాథ్ ఠాగూర్ గారి బాటలో నడిచిన చిత్రకారుడు. అడివి బాపిరాజు గారు ఆయన దగ్గరే కుంచె పట్టారు. ఆ రోజుల్లో ఇళ్ళల్లో గోడలకి ఉండేవన్నీ రవివర్మ బొమ్మలు. నిండైన మనుషులు, జరీ చీరలు, నగల మీద తళుకు. వాటికి అలవాటుపడ్డ కళ్ళకి ఈ కొత్త బొమ్మలు వింతగా ఉండేవి. పొడుగాటి వేళ్ళు, సగం మూసిన కళ్ళు, మంచులో తడిపినట్టున్న రంగులు. ఇదేం బొమ్మ, మనిషి ఇలా ఉంటాడా అనేవారు. అప్పుడు ఒకరు కావాలి. "ఇది అజంతా గోడ మీది చెయ్యి, ఇది లోపలి చూపు, అందుకే కన్ను సగం మూసి ఉంది" అని పక్కన నిలబడి చెప్పే మనిషి కావాలి. కృష్ణారావు గారి లాంటివాళ్ళు చేసింది ఆ పనే. బొమ్మ వేసినవాడికి ధైర్యం, చూసేవాడికి చూపు, రెండూ ఒక్క వ్యాసంతో ఇచ్చేవారు. ఆయన వ్యాసాలు తర్వాత 'సమీక్ష' అని పుస్తకంగా వచ్చాయి. దొరికితే చదవండి. మాట కాస్త బరువు, కానీ చదువుతుంటే ఊపిరి దానంతటదే లయలో పడుతుంది.

పత్రికలో బొమ్మ అచ్చు వెయ్యడమంటే ఇప్పట్లా ఫోను మీద వేలు నొక్కడం కాదు. మా మేనమామ బందర్లో ఒక అచ్చాఫీసులో పనిచేసేవాడు. సెలవుల్లో వెళ్ళి చూసేవాణ్ణి. రంగుల బొమ్మ వెయ్యాలంటే మూడు బ్లాకులు కావాలి, మద్రాసులో చేయించి తెప్పించేవారు. ముందు పసుపు బ్లాకు. కాగితాలన్నీ పసుపు కొట్టి ఆరబెట్టాలి. తర్వాత ఎరుపు, మళ్ళీ ఆరబెట్టడం. ఆఖర్న నీలం. పసుపొక్కటీ పడ్డప్పుడు కాగితం మీద ఏమీ కనపడదు, ఎండ మరకలా ఉంటుంది. ఎరుపు పడగానే ముఖం తేలుతుంది. నీలం పడ్డాక కళ్ళు తెరుచుకుంటాయి. వెంట్రుకవాసి పక్కకి జరిగిందంటే బొమ్మకి రెండు ముక్కులు. ఆ కాగితం పక్కన పారెయ్యడమే. ఇంత శ్రమా, ఇంత ఖర్చూ పెట్టి పత్రికలవాళ్ళు త్రివర్ణ చిత్రాలు వేశారు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1924లో పెట్టిన 'భారతి' అలా పల్లెటూరి ఇంట్లోకి కూడా చిత్రకళని మోసుకెళ్ళింది. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 28 ఏళ్ళు నిండకుండానే 1925లో మశూచితో పోయారు. ఆయన అసలు బొమ్మలు రాజమండ్రి వెళ్ళి చూడగలిగేవాళ్ళు ఎందరు? మిగతావాళ్ళకి కాగితం మీద అచ్చయిన బొమ్మే బొమ్మ.

ఇంకో ఇద్దరి పేర్లు చెప్పకుండా ఈ ముచ్చట ముగించకూడదు. కోలవెన్ను రామకోటీశ్వరరావు గారు ఇంగ్లీషులో 'త్రివేణి' నడిపారు. మన సాహిత్యం, చిత్రం, సంగీతం గురించి ఇతర రాష్ట్రాలవాళ్ళకి తెలియాలని పెట్టిన పత్రిక. డబ్బుకి ఎంత కటకట ఉన్నా పత్రిక తీరు మార్చలేదు. రెండో ఆయన సంజీవదేవ్ గారు. తెనాలి దగ్గర తుమ్మపూడిలో 1914లో పుట్టారు, 1999లో పోయారు. కులూ లోయలో చిత్రకారుడు నికొలస్ రోరిక్ దగ్గర ఉండి వచ్చిన మనిషి. ప్రపంచమంతా తెలిసీ పల్లెటూళ్ళోనే ఉండిపోయారు. పెద్దవాళ్ళకీ, ఊరూ పేరూ లేని కుర్రాళ్ళకీ ఒకే శ్రద్ధతో ఉత్తరాలు రాసేవారు. రంగు గురించి, రేఖ గురించి, మబ్బు గురించి. కృష్ణారావు గారిది దర్బారు పద్ధతి, సంజీవదేవ్ గారిది ఉత్తరం పద్ధతి. దారి ఏదైతేనేం, పక్కవాడికి చూపు ఇవ్వడమే ఇద్దరి పనీ.

కృష్ణారావు గారి తర్వాత కాటూరి వెంకటేశ్వరరావు గారు కృష్ణాపత్రిక సంపాదకులయ్యారు. మా ఇంట్లో పత్రిక రాగానే ముందు రావూరు సత్యనారాయణరావు గారి 'వడగళ్ళు' శీర్షిక కోసం పోటీ. నవ్వుకోవడం అయ్యాక మా నాన్న పత్రిక తీసుకుని అరుగు మీద పైకి చదివేవాడు. చదువురానివాళ్ళు కూడా కూర్చుని వినేవారు.

ఇక మనం ఉంటున్న ఈ అమెరికా సంగతి. 2010లో మీ నాన్న నన్ను చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్ళాడు. 1893 సెప్టెంబరు 11న వివేకానందుల వారు మాట్లాడిన భవనం అది. అక్కడి పెద్ద మెట్లదారి మీద, 118 మెట్ల ముఖాల మీద, ఆ ఉపన్యాసం అంతా దీపాల అక్షరాలతో వెలుగుతోంది. ముంబయి చిత్రకారుడు జితీష్ కల్లాట్ చేసిన పని. ఎరుపు, నారింజ, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎంత అందంగా ఉందో అనుకుంటూ ఎక్కాను. పైన ఉన్న వివరం చదివాక కాళ్ళు ఆగిపోయాయి. ఆ అయిదు రంగులూ 2001 సెప్టెంబరు 11 తర్వాత అమెరికా ప్రభుత్వం ఉగ్రవాద ప్రమాదానికి పెట్టిన హెచ్చరిక రంగులు. మతాల మధ్య ద్వేషం పోవాలని ఒక సెప్టెంబరు 11న చెప్పిన మాటని, ఇంకో సెప్టెంబరు 11 రంగుల్లో రాశాడన్నమాట. మళ్ళీ కిందికి దిగి మొదటినుంచీ ఎక్కాను. దీపాలు అవే, మెట్లు అవే. రాసిపెట్టిన నాలుగు వాక్యాల వల్ల నేను చూసింది మాత్రం వేరు. విమర్శకుడు చేసే మేలంటే అదమ్మా.

చికాగో పక్కన మనముండే ఈ షామ్‌బర్గ్ 1956లో, ఆంధ్రప్రదేశ్ పుట్టిన ఏడే, ఊరుగా నమోదైంది. మొన్నమొన్నటిదాకా జర్మన్ రైతుల పొలాలు. అలాంటి ఊరు తన మునిసిపల్ ఆఫీసు ఆవరణలోనే నాటకశాల కట్టుకుంది, చుట్టూ శిల్పాల తోట పెట్టుకుంది. మన తెలుగువాళ్ళకీ ఇక్కడ కళకి కొదవలేదు. గుడివాడ ఎస్.వి. రామారావు గారు చికాగోలో ఉంటూనే రంగులు వేశారు, 2001లో పద్మశ్రీ అందుకున్నారు. పిల్లలు కూచిపూడి నేర్చుకుంటున్నారు, సంగీతం నేర్చుకుంటున్నారు. ఎండాకాలం వస్తే వారానికో అరంగేట్రం.

మొన్న ఒక అరంగేట్రం చూసి వచ్చాం కదా. ఎన్నో ఏళ్ళ సాధన ఆ పిల్లది. తరంగంలో పళ్ళెం అంచు మీద నిలబడి తాళం వేస్తుంటే తల మీది చెంబులో నీళ్ళు తొణకలేదు, చూశారా? సత్యభామ ప్రవేశంలో జడ ముందుకు వేసుకున్నప్పుడు ఆ మెడ తిప్పడంలో గర్వం ఎంత చక్కగా పలికిందో! అభినయంలో మాత్రం ఒకచోట చెయ్యి మాట చెప్పింది గానీ కన్ను వెంట వెళ్ళలేదు. ఇవన్నీ ఆ పిల్లకి ఎవరు చెప్పారు? శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు, ఫోటోలు తీశారు, భోజనం బాగుందన్నారు. ఆ పిల్ల చేసిన దాని గురించి ఒక్క అక్షరం ఎక్కడా పడలేదు. పదేళ్ళ కష్టానికి శాలువా చాలదర్రా. శ్రద్ధగా చూశామని చెప్పే రెండు పేరాలు కావాలి. తప్పు ఎంచితే నొచ్చుకుంటారని భయపడకండి. కన్ను వెంట వెళ్ళలేదని రాసినవాడే, నీళ్ళు తొణకలేదని రాస్తే ఆ పిల్ల నమ్ముతుంది. అన్నీ బాగున్నాయనే వాడి మెప్పుని ఎవరూ దాచుకోరు.

కాబట్టి నా మాట వినండి. లైబ్రరీలో గది అడిగితే ఇస్తారు. నెలకోసారి చేరదాం. ఆ నెలలో చూసిన నాట్యం, విన్న కచేరీ, వెళ్ళిన ప్రదర్శన, ఏదైనా సరే, ఒక్కొక్కరు ఒక పేజీ తెలుగులో రాసుకొచ్చి చదవాలి. పిల్లలకి తెలుగు రాయడం రాకపోతే వాళ్ళు చెబుతుంటే మేం రాస్తాం. చేసిన కళాకారుల్నీ పిలుద్దాం, వాళ్ళూ జవాబు చెప్పుకోవచ్చు. మంచి పేజీలు పోగుచేసి ఏడాదికో చిన్న పత్రిక వేద్దాం. అచ్చు ఖర్చు నా పింఛనులోంచి. ప్రూఫులు నేనే దిద్దుతాను. మొదటి చేరిక వచ్చే నెల మొదటి శనివారం. ఊరికే బాగుందని మాత్రం ఎవరూ రాసుకురాకండి.